బాగా కలిపి వాడవలెను

గేటు దగ్గర ఎవరో ముసలావిడ సీసా పట్టుకుని కూర్చుందని ఫోన్ వచ్చేసరికి కెమిస్టమ్మ తన ర్యాకు ముందు నిలబడి ఉంది. ప్రయోగశాలకు రాగానే ఆమె చేసే మొదటి పని అదే. చేతులు కడుక్కుని, వేళ్ల సందులు కూడా గుడ్డతో తుడుచుకుని, సీసాలను ఒక్కొక్కటే తీసి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటుంది. ఇటు వంచుతుంది, అటు వంచుతుంది. లోపలి తెల్లటి మందు పైనుంచి కిందిదాకా ఒకే రంగులో, చార లేకుండా, నలక లేకుండా జారుతుంది. అది చూశాక గాని ఆమెకు టీ తాగాలనిపించదు.

పిల్లల జ్వరం మందు అది. దానికి కంపెనీ పెట్టిన పేరు వేరే ఉంది గాని, తయారుచేసింది తానే కనుక ఆమె దాన్ని 'ముత్యం' అంటుంది. నీళ్లలో కరగని పొడిని నీళ్లలోనే నిలబెట్టాలి, అదీ ఆ పనిలో చిక్కు. ఆమె ప్రతి రేణువుకీ ఒక పూత పట్టించింది. పక్క రేణువు దగ్గరికి వస్తే ఆ పూత దూరంగా తోసేస్తుంది. ఒకదాన్నొకటి ముట్టకుండా, దేని దారిన అది తేలుతూ ఉంటాయి. "మనుషులకు రాని మర్యాద పొడికి నేర్పాను" అని ఒకసారి మీటింగులో అంది. ఎవరూ నవ్వలేదు. మీటింగుల్లో ఎవరికీ ఏదీ అర్థం కాదని ఆమె ఎప్పుడో తేల్చేసుకుంది.

ఇలా తేల్చేసుకున్న సంగతులు ఆమె దగ్గర చాలా ఉన్నాయి. మేనేజరు పేరు 'అద్దం'. ఎదుట ఎవరు నిలబడితే వాళ్ల మొహమే అందులో కనిపిస్తుంది. అమ్మకాల వాళ్లంతా 'సెంటు సీసాలు'. ఈ మధ్య ఇంకో ఫ్యాక్టరీ నుంచి బదిలీ మీద వచ్చి, పగలంతా మైక్రోస్కోపు మీద వంగి ముక్కు చీదుకునే పెద్దమనిషికి, వచ్చిన రోజే 'జలుబు' అని పేరు పెట్టేసింది. వెనకాల తనను 'యాసిడ్' అంటారని ఆమెకు తెలుసు. చక్కెర పాకం అనిపించుకోవడం కంటే నయమేననుకుంది.

"ఏమిటట?" అంది ఫోన్లో.

"మందు అడుగున గడ్డ కట్టిందంటోందండి. ఫోన్ అమ్మాయి చెప్పాల్సింది చెప్పేసిందట. అయినా కదలట్లేదు. నేను గేటు తీసినప్పట్నుంచీ ఇక్కడే ఉంది" అన్నాడు గేటు దగ్గర మనిషి.

ఫోన్ అమ్మాయి చెప్పాల్సింది రాసిచ్చింది కూడా కెమిస్టమ్మే. 'సీసా మీద బాగా కలిపి వాడవలెను అని స్పష్టంగా ఉంది. కలపకుండా పోస్తే మందు అడుగున ఉండిపోతుంది. అది మా లోపం కాదు.' ఆ కాగితం ఇస్తూ, "అసలు సీసాల్ని కాదు, ఈ జనాన్ని పట్టుకుని కలపాలి" అని కూడా అంది. ఆ అమ్మాయి భయంభయంగా నవ్వింది.

"వస్తున్నా" అంది కెమిస్టమ్మ. "సీసా ఎలా కలపాలో కూడా మనమే నేర్పాలి వీళ్లకి. పిల్లల్ని కనడం మాత్రం ఎవరూ నేర్పక్కర్లేదు."

ముసలావిడ గేటు గదిలో ప్లాస్టిక్ స్టూలు అంచున కూర్చుని ఉంది. ఒళ్లో చేతి తువ్వాలు, దానిలో చుట్టిన సీసా. కెమిస్టమ్మ తెల్ల కోటు చూడగానే లేచి నిలబడింది.

"నువ్వు పెద్దదానివా తల్లీ ఇక్కడ?"

"పెద్దా చిన్నా తర్వాత. కలిపారా?"

"కలిపానమ్మా. రోజూ కలిపాను. పల్చగా నీళ్లలా వచ్చేది. పిల్లకి జ్వరం దిగదు. నాలుగో రోజు ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో డాక్టరు సీసా వంచి చూసి, మందంతా అడుగునే ఉంది, ఎవరు పోశారు అన్నాడు. నేనే అన్నాను. అందరూ నా మొహం వంకే చూశారు."

"పిల్ల ఎలా ఉంది?"

"గండం గడిచింది. ఇంటికి తెచ్చారు. నన్నే దగ్గరికి పోనివ్వట్లేదు. మా కోడలు మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే, కలపకుండా పోసుంటారని చెప్పారట. మా వాడు ఏమీ అనలేదు. ఆదివారం బస్సుకి మా తమ్ముడి ఊరికి టికెట్ తీశాడు. కొన్నాళ్లు ఉండి రా అన్నాడు. ఎన్నాళ్లు అంటే చెప్పడు." ఆవిడ తువ్వాలు మడత విప్పింది. "నాకేమీ ఇవ్వక్కర్లేదమ్మా. ఆమె కలిపింది అని ఒక్క మాట మా వాడికి చెప్పండి. చాలు."

కెమిస్టమ్మ సీసా అందుకుంది. పైన మబ్బుగా నీళ్లు, అడుగున తెల్లగా మందు. చూడగానే ఆమెకు నవ్వు వచ్చింది. కలపలేదు, అంతే. ఇలాంటి వాళ్లు సీసాను పసిబిడ్డను ఊపినట్టు ఊపి, కలిపామంటారు.

"చూడండి. కలపడమంటే ఇలా."

షిఫ్టు మారే వేళ. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు ఒక్క క్షణం ఆగారు. లారీ డ్రైవరు టీ గ్లాసుతో పక్కకు వచ్చాడు. జలుబు కూడా ఎందుకు వచ్చాడో వచ్చి, గోడకానుకుని నిలబడ్డాడు. కెమిస్టమ్మ మూత మీద బొటనవేలు బిగించి, మణికట్టు నుంచి పైకీ కిందికీ గట్టిగా ఊపింది. ఆపి, చూసింది. పైనీళ్లు నురగ కట్టాయి. అడుగు అలాగే ఉంది. ఈసారి మోచేయి నుంచి ఊపింది. ఆ తర్వాత భుజం నుంచి. జుట్టు ముడి జారింది. డ్రైవరు టీ తాగడం మానేశాడు.

సీసాను తలకిందులు చేసింది. నీళ్లు మూత వైపు దిగాయి. అడుగున ఉన్న తెల్లటి ముద్ద మాత్రం పైకప్పుకు కొట్టిన సున్నంలా అంటుకుని అక్కడే ఉంది. అరచేత్తో సీసా అడుగున కొట్టింది. ఒక్క పెచ్చు కూడా రాలలేదు.

"నేనూ అలాగే కొట్టాను తల్లీ" అంది ముసలావిడ నెమ్మదిగా.

కెమిస్టమ్మకు చేయి లాగుతోంది. అందరూ చూస్తున్నారు. "ఎండలో పెట్టి ఉంటారు" అంది.

"అలమరలో పెట్టామమ్మా."

"అయితే కొట్టువాడు పెట్టి ఉంటాడు. లేదా దొంగ సరుకు. మా సీసాలు లోపల ఉన్నాయి, ఒక్కటీ ఇలా లేదు."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అని డ్రైవరు గొణిగాడు. ఆమె తిరిగి చూసేసరికి గ్లాసు మీద దృష్టి పెట్టాడు.

"ఇది నా దగ్గర ఉంచండి. చూసి చెప్తాను."

ముసలావిడ చేయి ముందుకు వచ్చి ఆగింది. "ఇది పోతే నా దగ్గర ఇంకేం లేదమ్మా, చూపించడానికి."

"నేను మింగేస్తానా?"

ఆవిడ ఇంటి గుర్తులు గేటు మనిషికి చెప్పి, ఖాళీ తువ్వాలును నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. గేటు దాటాక ఒకసారి వెనక్కి తిరిగి, "ఆదివారం లోపల, తల్లీ" అంది.

*

ప్రయోగశాలలో కెమిస్టమ్మ ఆ సీసాను తన ముత్యాల పక్కన నిలబెట్టింది. మూత మీద ముద్ర అసలుదే. బ్యాచ్ కూడా తమదే. పక్కన తన సీసాలు వరసగా, నున్నగా, పాలుపోసినట్టు. దొంగసరుకు మాట ఆమె నాలుక మీదే చచ్చిపోయింది. ఇక మిగిలింది ఎండ. ఎండే అయి ఉండాలి. గోదాములు నడిపే గాడిదలకు సరుకు ఎక్కడ పెట్టాలో ఏం తెలుసు?

"మేడమ్, ఒకసారి ఇటు వస్తారా?" అన్నాడు జలుబు తన మూల నుంచి.

"ముక్కు తుడుచుకుంటే వస్తాను."

తుడుచుకున్నాడు. మైక్రోస్కోపు కింద గాజు పలక మీద రెండు చుక్కలు పక్కపక్కన వేసి పెట్టాడు. మొదటిది ముత్యం. ఆమె కన్ను ఆనించింది. చీకట్లో మెరిసే చుక్కలు, వేటికవి దూరంగా వణుకుతున్నాయి. ఎంత క్రమశిక్షణ! రెండోది ఆయన తయారుచేసిన మందు. వచ్చినప్పటినుంచీ దానికి కంపెనీని ఒప్పించాలని ఆయన పోరు. అందులో చుక్కలు చుక్కలుగా లేవు. గుంపులు కట్టి, గుంపులు గుంపులను పట్టుకుని, కొమ్మలూ రెమ్మలుగా పలకంతా పాకాయి.

"బూజు" అంది ఆమె. ఆ సీసాకు ఆమె పెట్టిన పేరు కూడా అదే. ఆయన మందు సీసాలో పోసి నాలుగు రోజులు ఉంచితే, తెల్లదనమంతా కొంచెం కిందికి కుంగి, పైన వేలెడు తేటనీళ్లు మిగులుతాయి. సెంటు సీసాలు దాన్ని చూసి, విరిగిపోయిన పాలలా ఉంది, ఎవరు కొంటారు అన్నారు. సెంటు సీసాలతో తాను ఏకీభవించిన సందర్భం అదొక్కటే.

"కొంచెం ఓపిక పట్టండి" అని ఆయన ఒక మర తిప్పాడు. కొమ్మల్లో ఒక కొమ్మ దగ్గరికి వచ్చింది. చూస్తే అదీ ఒక చెట్టే. కొమ్మలు, సందులు, మళ్లీ చిన్న కొమ్మలు. ఇంకో మర తిప్పాడు. రెమ్మ పెద్దదైంది. అదీ చెట్టే. "ఎంత లోపలికి వెళ్లినా ఇదే అల్లిక మేడమ్. రెండు రేణువులు అంటుకుంటాయి. అలాంటి జంటలు కలిసి గుంపు. గుంపులు కలిసి కొమ్మ. కొమ్మలు కలిసి సీసా గోడల దాకా. పొడి గుప్పెడే, అల్లుకునేది సీసా అంతా. మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీల్లో నీళ్లు నిలబడతాయి. ఈ వలకు తన బరువు తాను మోసుకునే బలం ఉంటుంది."

"మోసుకోలేకే కదా కుంగి, పైన నీళ్లు వదిలేస్తోంది."

"కుంగుతుంది. కానీ అడుగున కూడా వలగానే ఉంటుంది. ఒకసారి సీసా వంచితే తెగిపోతుంది, వదిలేస్తే మళ్లీ అల్లుకుంటుంది. మీవి అలా కాదు. ఒకదాన్నొకటి తోసుకుంటాయి కనుక ఆగడానికి ఏ ఆసరా లేదు. చాలా నెమ్మదిగా, ఒంటరిగా దిగుతాయి. దిగినవి ఒకదాని సందులోకి ఒకటి జారుకుని బిగుసుకుంటాయి. పైనుంచి బరువు పడేకొద్దీ మీ పూత కూడా ఆపలేదు. ఇక అది గోడే."

"కథ బాగుంది. నా ర్యాకులో నెలల నుంచి ఉన్నాయి సీసాలు. ఒక్కదానిలో గోడ చూపించండి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటే ఎలా?"

ఆయన లేచి ర్యాకు దగ్గరికి వెళ్లాడు. ఏ సీసా మీదా చెయ్యి వెయ్యలేదు. "వీటిని ఎవరూ కదపరా?"

"నా ర్యాకు మీద చెయ్యి వేసే ధైర్యం ఎవడికుంది? నేను తప్ప ఎవరూ ముట్టుకోరు."

జలుబు ఆమెను ఒకసారి చూశాడు. ఏదో అనబోయాడు. తుమ్ము వచ్చింది. తుమ్మి, క్షమించమని, తన మూలకు వెళ్లిపోయాడు. మాట పూర్తి చేయడం కూడా చేతగాని మనిషి అనుకుందామె.

ఎవరూ కదపరా అన్న ఆయన మాట ఇంటికి వెళ్లాక కూడా ఆమెను వదల్లేదు. కంచం ముందు కూర్చుని కుడిచేతి భుజం పట్టుకుంది. పొద్దున సీసా ఊపిన నొప్పి. ముసలావిడ ఖాళీ తువ్వాలు మడిచిన తీరు కళ్ల ముందు నిలిచింది. నాలుగు మడతలు. లోపల ఏదో ఉన్నట్టే, అంత జాగ్రత్తగా. కెమిస్టమ్మకు ఒళ్లు మండింది. మనుషులు ఇంత తేలిగ్గా ఎందుకు నమ్మి ఇచ్చేస్తారో ఆమెకు ఎప్పటికీ అర్థం కాదు.

మర్నాడు మామూలుగా చేతులు కడుక్కుంది. వేళ్ల సందులు తుడుచుకుంది. మొదటి సీసా తీసి వెలుతురుకు ఎత్తింది. ఇటు వంచింది. మందు నున్నగా జారింది. అటు వంచబోయిన చేయి గాల్లోనే ఆగిపోయింది.

మూలలో జలుబు ముక్కు చప్పుడు కూడా వినబడలేదు. ఆయన తననే చూస్తున్నాడని ఆమెకు తెలిసింది.

రోజూ ఇటు వంచింది, అటు వంచింది. నెలలుగా. తన మందు ఎంత బాగా నిలబడిందో చూసుకోవడానికి. నిలబెట్టింది మందు కాదు, తన చెయ్యి. కొట్టులో, గోదాములో, అలమరలో ఆ సీసాలను ప్రేమగా ఎత్తి వెలుతురులో చూసుకునే పిచ్చిది ఎవరుంటారు?

పొట్టి మనిషి. ర్యాకులో పై అర వెనక వరస ఆమె చేతికి అందదు. స్టూలు లాక్కుని ఎక్కింది. వెనక వరస సీసాల భుజాల మీద దుమ్ము పేరుకుని ఉంది. దుమ్ము తుడవకుండా, ఒకదాన్ని అలాగే పట్టుకుని దిగింది. బయటికి ఆ సీసా కూడా ముత్యంలాగే ఉంది. పైన కొంచెం పలచబడినట్టు అనిపించింది, అంతే. మూత మీద బొటనవేలు బిగించింది. మణికట్టు. మోచేయి. భుజం. తలకిందులు చేసింది.

తెల్లటి ముద్ద ఆమె మొహానికి ఎదురుగా, పైన అంటుకుని ఉంది.

రెండోది తీసింది. మూడోది. వెనక వరసంతా అంతే.

"పైన పటారం, లోన లొటారం" అంది స్టూలు మీద కూర్చుని. ఎవరిని అన్నదో జలుబు అడగలేదు. తన ఫ్లాస్కు నుంచి టీ వంచి, ఆమె పక్కన బల్ల మీద పెట్టి వెళ్లాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. చల్లారిపోయాక తాగింది.

"నిన్ననే తెలుసా మీకు?" అంది.

"అనుమానం."

"మరి చెప్పి చావచ్చుగా?"

"చెబితే వినేవారా?"

ఆమె లేచి, వెనక వరస సీసాలు కొన్ని ఒక పళ్లెంలో సర్దుకుంది.

*

అద్దం తన గదిలో అమ్మకాల పటాలు చూసుకుంటున్నాడు. కెమిస్టమ్మ ఆయన బల్ల మీద వెనక వరస సీసాలు కొన్నిటిని, ముసలావిడ సీసాతో సహా, మూత కిందికి వచ్చేలా తలకిందులుగా నిలబెట్టింది. సీసాల అడుగులు పైకి వచ్చాయి. తెల్లటి ముద్దలు వాటికి కరిచిపెట్టుకుని ఉన్నాయి.

"ఏమిటివి?"

"ముత్యాలు. పట్టుకుని ఊపండి ఒకటి."

ఆయన చేతులు రెండూ బల్ల కిందికి వెళ్లిపోయాయి. "నేనెందుకండీ ముట్టుకోవడం? ముట్టుకుంటే నేను చూసినట్టు అవుతుంది."

"కళ్లతో చూస్తున్నారుగా?"

"అది వేరు."

ఆమె చెప్పాల్సింది చెప్పింది. పూత సంగతి, దిగడం సంగతి, తన చెయ్యి సంగతి. చెయ్యి సంగతి చెప్పేటప్పుడు మాత్రం గోడ మీది గడియారం వంక చూస్తూ చెప్పింది. ఆయన తల ఊపుతూ విన్నాడు. ఎదుట ఎవరుంటే వాళ్ల మొహమే కనిపించే ఆ మొహంలో తన మొహం ఎలా ఉందో చూసి కెమిస్టమ్మ కళ్లు తిప్పుకుంది.

"సరే. మెల్లగా మార్చుకుందాం. కొత్త మందు, కొత్త లేబుల్, ఒక పద్ధతి ప్రకారం. ఈలోపు బయట ఉన్న సరుకు గురించి ఎవరితోనూ అనకండి."

"గేటు దగ్గరికి వచ్చినావిడకు?"

"ఆవిడకు ముఖ్యంగా అనకండి! ఆవిడకు చెబితే ఒప్పుకున్నట్టే కదా. అయినా ఇది ఆవిడ ఇంటి గొడవండీ. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"కంద నేనే" అంది కెమిస్టమ్మ. "దురద కూడా నాదే. తర్వాతి బ్యాచ్ కాగితం మీద నేను సంతకం పెట్టను. పెట్టకపోతే సరుకు గేటు దాటదు."

"ఇంకెవరి చేతైనా పెట్టిస్తాను."

"జలుబు చేతా? ఇచ్చి చూడండి. దాంతో ముక్కు తుడుచుకుంటాడు."

బయటికి వస్తూ ఒక సీసా మాత్రం వెనక్కి తీసుకుంది. అది ముసలావిడది. మిగిలినవి ఆయన బల్ల మీదే ఉండిపోయాయి. తీసి పారేయాలంటే ముట్టుకోవాలి కనుక, సాయంత్రం దాకా అద్దం వాటికి ఎదురుగా కూర్చున్నాడని తర్వాత బంట్రోతు చెప్పి నవ్వాడు.

*

ఆదివారం మధ్యాహ్నం. మెట్లెక్కి వచ్చిన ఆయాసం తీరకుండానే కెమిస్టమ్మ ముసలావిడ ఇంటి తలుపు కొట్టింది. కొడుకు తలుపు తీశాడు. చక్కగా ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను. లోపల సోఫా మీద దుప్పటి కప్పుకుని చిన్నపిల్ల, పక్కన కోడలు. గోడవార జిప్పు వేసిన సంచి, దాని పక్కన చెప్పులు వేసుకోవడానికి సిద్ధంగా నిలబడ్డ ముసలావిడ.

"ఎవరండీ?"

"మీరు వాడిన మందు తయారుచేసినదాన్ని."

అతని మొహం మారింది. "ఇప్పుడెందుకొచ్చారు? తప్పు మాదేనని మీవాళ్లు ఆ రోజే చెప్పారుగా ఫోన్లో."

"ఆ మాట రాసిచ్చింది నేనే. అబద్ధం రాసిచ్చాను. అప్పుడు అబద్ధమని తెలీదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు." లోపలికి రమ్మనకుండానే లోపలికి వచ్చి, సంచిలోంచి సీసా తీసి అతని చేతికిచ్చింది. "ఊపు."

"ఏంటి?"

"చదువుకున్నవాడిలా ఉన్నావు కదా, ఊపడం అంటే తెలీదా? అమ్మ కలపలేదనుకున్నావు కదా. నువ్వు కలుపు."

అతడు పెళ్లాం వంక చూశాడు. ఊపాడు. ఇంకా గట్టిగా ఊపాడు. ఇస్త్రీ చొక్కా చంకల దగ్గర ముడతలు పడింది. సోఫా మీంచి పిల్ల, "నాన్నా, నురగ!" అని నవ్వింది. అతడు నవ్వలేదు. సీసా తలకిందులు చేసి, అడుగు వంక అలా చూస్తూ నిలబడిపోయాడు.

"నేనూ ఇలాగే చూశాను" అంది కెమిస్టమ్మ. "ఎంత ఊపినా రాదు. కొట్టుకు రాకముందే అది బిగుసుకుపోయింది. మీ అమ్మ కలిపింది. రోజూ కలిపింది. పిల్లకు మందు అందకపోవడం మా తప్పు. ఇంకో మాట. ఈ సీసా ఒక్కసారి వంచి చూడ్డానికి నీకు ఇన్ని రోజులు పట్టింది. అమ్మకి టికెట్ తియ్యడానికి మాత్రం ఒక్క పూట చాలింది."

"ఇదంతా మాట్లాడటానికి మీరెవరండీ?" అంది కోడలు. మరుక్షణమే అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా... ఆ డాక్టరు అలా అనేసరికి, పిల్ల అలా ఉండేసరికి నాకేం తోచలేదు. సంచి ఇటివ్వండి. లోపల పెడతాను."

ఇందుకే వచ్చింది కెమిస్టమ్మ. మూడు రోజులుగా ఈ ఒక్క మాట కోసమే. సంచి లోపలికి వెళుతుంది, తాను మెట్లు దిగుతుంది, అయిపోతుంది.

ముసలావిడ సంచి ఇవ్వలేదు.

"ఇప్పుడు నమ్మావురా?" అంది కొడుకుతో.

"అమ్మా, నేనేం నిన్ను..."

"నువ్వేం అనలేదు. అదేరా నేననేది. ఒక్క మాటైనా అనలేదు నువ్వు. కలిపావా అమ్మా అని కూడా అడగలేదు. నీకు మాటలు నేర్పిన నోరు ఇది. దీని మాట చాల్లేదు నీకు. సీసా నడుచుకుంటూ వచ్చి చెబితే గాని నమ్మలేదు." కోపంగా అనలేదావిడ. బియ్యంలో రాయి కనిపిస్తే తీసి పక్కన పెట్టినట్టు అంది.

సోఫా దగ్గరికి వెళ్లి పిల్ల నుదుటి మీద చేయి పెట్టి చూసింది. ఎవరూ ఆపలేదు.

"నానమ్మా, ఊరికెళ్తున్నావా?"

"వెళ్తున్నా బంగారం. మా తమ్ముణ్ని చూసి చాలా రోజులైంది."

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

"మీ నాన్న వచ్చి పిలిచినప్పుడు."

"అత్తయ్యా, ఉండండి" అంది కోడలు ఏడుపు గొంతుతో.

"ఉంటానమ్మా, వచ్చి. మీరు పంపితే వెళ్లేదాన్ని. ఇప్పుడు నేనే వెళ్తున్నాను. రెండింటికీ తేడా లేదనుకుంటే మీ ఇష్టం." చెప్పులు వేసుకుంది. కొడుకు సంచి అందుకోబోతే కెమిస్టమ్మ వైపు జరిపింది. "నువ్వు పట్టుకుంటావా తల్లీ? మెట్లు దిగేదాకా."

*

బస్టాండు దాకా ఇద్దరూ నడిచారు. సంచి బరువుగా లేదు. అంత తేలికగా ఉండటమే కెమిస్టమ్మకు ఓర్చుకోలేనట్టుగా ఉంది. ఒక మనిషి ఎన్నాళ్లకో తెలియకుండా వెళుతూ ఇంతేనా పట్టుకెళ్లేది?

"నేను రాకుండా ఉండాల్సింది" అంది. "వచ్చి చెడగొట్టాను. మీ వాళ్లు ఆపుదామనుకునే వేళకి..."

"నువ్వు రాకపోతే తల దించుకుని వెళ్లేదాన్ని." ముసలావిడ బెంచీ మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకుంది. "నువ్వూ ఆ రోజు నమ్మలేదుగా?"

"నమ్మలేదు."

"మొహం మీదే ఉంది. ఇది ఎక్కడి మొద్దు మనిషిరా అన్నట్టు చూశావు."

"అలా చూడటం నాకు అలవాటు."

"తప్పయిందని అనవా?"

కెమిస్టమ్మ వంగి సంచి జిప్పు మళ్లీ లాగి చూసింది. ఆ మాట ఎటునుంచి మొదలుపెట్టాలో తెలియలేదు.

"పోనీలే" అంది ముసలావిడ. "అనేవాళ్లు చాలామంది ఉంటారు. మెట్లెక్కి వచ్చేవాళ్లే ఉండరు. చేయి నొప్పి తగ్గిందా?"

"లేదు."

"నాకూ లేదు. గోరువెచ్చని నీళ్లతో కాపడం పెట్టుకో." బస్సు వచ్చింది. సంచి అందుకుని, మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. "ఆ సీసా నాకిచ్చెయ్యి. ఉన్నట్టుండి ఎందుకొచ్చావని మా తమ్ముడు అడుగుతాడు. వాడూ మగవాడేగా, నోటి మాట చాలదేమో."

కెమిస్టమ్మ సీసా ఇచ్చేసింది. "నా దగ్గర ఇంకా ఉన్నాయి. వెనక వరసలో" అంది.

ముసలావిడ తువ్వాలు తీసి సీసాను చుట్టుకుంది. కిటికీ దగ్గర కూర్చుంది. బస్సు కదిలేటప్పుడు చేయి ఊపలేదు. మెడ నిటారుగా పెట్టుకుని ముందుకే చూసింది. దుమ్ము అణిగేదాకా కెమిస్టమ్మ అక్కడే నిలబడింది. వెళ్లేవాళ్లను ఆమె ఎప్పుడూ అలా నిలబడి చూడలేదు. తలుపు మూసుకుని లోపలికి వెళ్లిపోవడమే ఆమె పద్ధతి.

సోమవారం ప్రయోగశాలలో చేతులు కడుక్కుంది. వేళ్ల సందులు తుడుచుకుంది. ర్యాకు ముందుకు వచ్చేసరికి కుడిచేయి తనంతట తానే లేచింది. ఆమె దాన్ని ఎడమచేత్తో పట్టుకుని వెనక్కి తీసుకుంది. రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, మందలింపు తిన్న పిల్లలా నిలబడి, సీసాలను చూసింది. ఇవాళ్టికి ఇంకా పాలలాగే ఉన్నాయి, దొంగ వెధవలు.

"ఎత్తి చూడరా ఇవాళ?" అన్నాడు జలుబు.

"మీరు మీ ముక్కు చూసుకోండి. ఆ బూజు సీసా ఒకటి తెచ్చి దీని పక్కన పెట్టండి. పెట్టాక మీరూ ముట్టుకోకండి."

ఫోన్ మోగింది. కింది నుంచి ఫోన్ అమ్మాయి. "మేడమ్, ఎవరో ఒకాయన. మందు అడుగున గట్టిపడిందంటున్నారు. లైన్లో ఉన్నారు. కాగితంలో ఉన్నది చదివెయ్యనా?"

"చింపెయ్ దాన్ని."

"మరి... కలిపారా అని అడగనా మేడమ్?"

"అడగొద్దు" అంది కెమిస్టమ్మ. "ఇల్లెక్కడో అడుగు."